ఒక్క ఏకారం చేసే పని

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

మన కడప బస్టాండులో ఎక్స్‌ప్రెస్ అంటే పల్లెవెలుగు కన్నా తొందరగా పోయే బస్సు. ‘ఫర్ ది ఎక్స్‌ప్రెస్ పర్పస్ ఆఫ్’ అన్న ఇంగ్లీషు మాట చదివినప్పుడూ ఆ వేగమే మనసులో మెదులుతుంది కాబట్టి, దాన్ని ‘అత్యవసరంగా’ అని తెలుగు చేసినవారిని నేను చూశాను. నిజానికి ఎక్స్‌ప్రెస్ అన్న పదానికి మూలం లాటిన్‌లో ఉంది. పిండి బయటికి తీసినది, అంటే దాపరికం లేకుండా బయటపెట్టినది అని అర్థం. రైలుకు కూడా ఆ పేరు మొదట ఫలానా చోటికని ప్రత్యేకించి నడిపినందువల్లే వచ్చింది; వేగం తర్వాత అంటుకుంది.

చట్టంలో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 9వ సెక్షను, మాటల్లో చేసిన వాగ్దానాన్ని ఎక్స్‌ప్రెస్ అనీ, మాటలతో కాక మరో విధంగా చేసినదాన్ని ఇంప్లైడ్ అనీ వేరు చేస్తుంది. అందుచేత ఒక దాత బడికి స్థలమిస్తూ దస్తావేజులో ‘ఫర్ ది ఎక్స్‌ప్రెస్ పర్పస్ ఆఫ్’ అని, అంటే ఫలానా పనికే అని విప్పి రాయిస్తే, ఆయన ఉద్దేశాన్ని మనం ఊహించవలసిన పని లేదు.

దీన్ని తెలుగులో ‘వ్యక్తపరచిన ఉద్దేశంతో’ అని రాస్తే అది తెలుగు లిపిలోని ఇంగ్లీషే అవుతుంది. ‘బడి కట్టడానికి ఇచ్చాను’ అన్న వాక్యంలో ఉద్దేశం ఉంది గానీ, మరో పనికి వాడకుండా ఆపే కంచె లేదు. ‘కట్టడానికే’ అనగానే ఆ చివరి ఏకారం కంచె నాటుతుంది. ఇళ్లల్లో అయితే, ‘ఆయప్ప ఈ మాట చెప్పేదానికే పనిగట్టుకొని ప్రొద్దుటూరు నుంచి వచ్చినాడు’ అంటాం. పనిగట్టుకొని అన్నమాటలో ఒక్కోసారి నిష్ఠూరం ధ్వనిస్తుంది కనుక దస్తావేజుకు ఏకారమే మేలు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆఫ్ తర్వాత ‘బిల్డింగ్’ వంటి ఇంగ్ రూపమే రావాలి. ఉద్దేశాన్నే చెప్పే ‘విత్ ఎ వ్యూ టు’ తర్వాతా అంతే. అక్కడి టు, ‘ఇన్ ఆర్డర్ టు బిల్డ్’లోని టు వంటిది కాకపోవడం వల్ల చదువుకున్నవారు కూడా తడబడతారు.

ఇంత బరువైన మాట ప్రతి అర్జీకీ అక్కరలేదు. మూడు రోజుల సెలవు చీటీలో, పెళ్ళికి వెళ్ళడానికే అని దీన్ని రాశారనుకోండి, మిగిలిన రెండు రోజులు ఏం చేశావని అడిగే అవకాశాన్ని పై అధికారికి మీరే రాసిచ్చినట్టు.