రెండు గ్లాసులు, ఏడు డిగ్రీలు

అందరికీ నమస్కారం. మీ ముందు రెండేసి చిన్న గ్లాసులు పెట్టాం. ఇప్పుడే ముట్టుకోకండి, ముందు వాటి కథ వినండి.

రెండూ మా ఇంటి బీరే. ఒకే రోజు, ఒకే గిన్నెలో కాచింది, పులియబెట్టడానికి వేసిన ఈస్టు కూడా ఒకటే. ఎడమవైపుది 19 డిగ్రీల దగ్గర పులిసింది, కుడివైపుది 26 దగ్గర. అంతకుమించి తేడా లేదు.

ఊళ్లో ఎవరికి చెప్పినా మొదట అడిగేది "పోలీసులు పట్టుకోరా?" అని. ఇక్కడ అమెరికాలో, 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు. అమ్మకూడదు. మిసిసిపి, అలబామా మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే. సెలవులకి వెళ్లినప్పుడు నాన్నగారి పెరట్లో ప్రయోగాలు పెట్టుకోకండి.

పని సంగతి టూకీగా చెప్తాను. బార్లీ మాల్టుని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, 66 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లనే వర్ట్ అంటారు. వడకట్టి, చేదునిచ్చే హాప్స్ పూలు వేసి గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు వేస్తాం. వీడియోల్లో అంతా ఇదే చూపిస్తారు. నన్నడిగితే బీరు బాగుపడేదీ, పాడయ్యేదీ ఆ తర్వాతి మూడు రోజుల్లోనే.

నా మొదటి బీరు జూలైలో, డాలస్‌లో. బకెట్‌ని క్లాజెట్‌లో పెట్టి తలుపేశాను. ఏసీ 25లో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఈస్టు చక్కెర తింటూ తనే వేడి పుట్టిస్తుందనీ, బకెట్ లోపల గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుందనీ అప్పటికి తెలీదు. రెండో రాత్రి ఢామ్మని చప్పుడు. హాప్స్ తుక్కు, గ్యాసు బయటికి పోయే గొట్టం ఎయిర్‌లాక్‌కి అడ్డుపడి మూత ఎగిరిపోయింది, నురుగు సీలింగుకి అంటింది. మా ఆవిడ టార్చి పట్టుకుని నిలబడింది, ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. మిగిలిన బీరు మాత్రం ఏం బాగుంది? నెయిల్‌పాలిష్ రిమూవర్ వాసన, గొంతులో మంట. వేడెక్కిన ఈస్టు, ఆ వాసనిచ్చే ఈస్టర్లూ ఆ మంట పుట్టించే ఫ్యూసెల్ ఆల్కహాళ్లూ ఎక్కువ వదులుతుంది మరి.

దీనికోసం ఇంకో ఫ్రిజ్ కొననక్కర్లేదు. ఎండాకాలం మంచినీళ్ల కుండకి తడిగోనె చుట్టడం మనం చూసిందే కదా. బకెట్‌ని నీళ్ల టబ్బులో నిలబెట్టి, పాత టీషర్టు తొడిగి, దాని అంచు నీళ్లలో మునిగేలా వదిలి, ఎదురుగా ఫ్యాన్ పెట్టండి. చాలకపోతే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి గడ్డకట్టిన నీళ్ల బాటిళ్లు టబ్బులో వేయండి. పులియడం జోరు తగ్గాక, నాలుగో రోజో ఐదో రోజో, టబ్బులోంచి తీసి 21కి ఎక్కనివ్వండి. మొదట్లో తను వదిలిన వెన్న వాసనని ఈస్టు తనే తినేస్తుంది. ఇడ్లీ పిండికి చలికాలంలో ఓవెన్ లైటు వేసి ఉంచుతామే, బీరుకి మొదటి మూడు రోజులూ దానికి సరిగ్గా తిరగేసిన చాకిరీ.

అన్నట్టు, బీరు కాచే రోజు పిండి రుబ్బకండి. పిండిని పులియబెట్టే బ్యాక్టీరియా బీరులో పడిందంటే పుల్లమజ్జిగే.

బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో పోసేయకండి. బీరు చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.050తో మొదలై 1.010 దగ్గరకి దిగి, మూడు రోజులు అక్కడే కదలకుండా ఉండాలి. అప్పుడు ఆల్కహాల్ సుమారు 5 శాతం. తొందరపడి పోస్తే సీసాలే పేలతాయి.

సరే, ఎడమ గ్లాసుతో మొదలుపెట్టండి. కుడివైపుది ముందు వాసన చూడండి, తర్వాత మీ ఇష్టం. డ్రైవ్ చేయాల్సినవాళ్లు రెండూ వాసన చూసి పక్కవాళ్లకి ఇచ్చేయండి.