బ్రాన్ చెక్‌పోస్టు

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల కరపత్రంలో నా పేరు పక్కన 'డ్రాక్యులా కోటలో ఒక రోజు' అని వేశారు. దయ్యం కథ కోసం వచ్చిన పిల్లలు మన్నించాలి, నేను చెప్పబోయేది సుంకం గురించి.

నేను వాణిజ్య పన్నుల శాఖలో చేశాను. పద్నాలుగేళ్ళు చెక్‌పోస్టులోనే. 2017లో జీఎస్టీ వచ్చి గేటు ఎత్తేశారు.

జర్మనీలో ఉండే మా అమ్మాయి పోయిన వేసవిలో మమ్మల్ని రొమేనియా తీసుకెళ్ళింది. బ్రషోవ్ నుంచి బస్సెక్కి బ్రాన్‌లో దిగాం. గుట్ట మొన మీద కోట. కింద దుకాణాల నిండా ప్లాస్టిక్ కోరలు. మా మనవరాలు ఒక జత కొనిపించుకుని అక్కడే తగిలించుకుంది.

కోట చరిత్ర చదివి ఆగిపోయాను. 1377లో హంగరీ రాజు మొదటి లూయీ, సొంత ఖర్చుతో రాతికోట కట్టుకోండని బ్రషోవ్‌లోని సాక్సన్లకి, అంటే అక్కడ స్థిరపడ్డ జర్మన్లకి, పత్రం రాసిచ్చాడు. 1388కల్లా కట్టేశారు. ట్రాన్సిల్వేనియా, వలాకియా అనే రెండు ప్రాంతాల మధ్య కనుమ దారి అది. వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా నూటికి మూడు వంతులు సుంకం. "ఒసేయ్, ఇది చెక్‌పోస్టే!" అని గట్టిగా అన్నాను. మా ఆవిడ చెయ్యి గిల్లింది.

1897లో నెత్తురు తాగే డ్రాక్యులా మీద నవల రాసిన బ్రామ్ స్టోకర్ రొమేనియా గడప తొక్కనేలేదు. డ్రాక్యులా అని పేరున్న వ్లాద్ అనే వలాకియా రాజు, మనుషుల్ని కొరత వేసిన మాట నిజమే. ఆయనకీ బ్రషోవ్ వర్తకులకీ గొడవ దేని మీదనుకున్నారు? సింహాసనం తగాదా ఒకటి, సుంకాల తగాదా ఒకటి! 1459లో వచ్చి ఊరి శివార్లు తగలబెట్టాడు. కోట మాత్రం ఆయనది కాదు.

రొమేనియా రాణి మేరీ గురించి కూడా చెప్పాలి. 1920లో బ్రషోవ్ వాళ్ళు కోటని ఆమెకి కానుకగా ఇచ్చారు. ఆమె పోయాక గుండెని వేరుగా పెట్టెలో దాచారు. కొన్నాళ్ళు అది బ్రాన్‌లోనే, కొండని తొలిచిన గూట్లో ఉంది. సరే, అది ఇంకో రోజు.

నేను పనిచేసే రోజుల్లో, ఒక డిసెంబరు రాత్రి మా చెక్‌పోస్టుకి మిర్చి లారీ వచ్చింది. బిల్లులో నూట పది బస్తాలు, లారీలో నూట నలభై. జరిమానా రాశాను. డ్రైవరు చెల్లెలి పెళ్ళి అన్నాడు, అమ్మ ఆపరేషన్ అన్నాడు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టేగా! డబ్బు బల్ల మీద పడేసి క్లీనరుతో అన్నాడు: "పదరా, రక్తం తాగే జలగలు." మాలో తిన్నవాళ్ళు లేరని నేననను. నేను తినలేదు. ఆ మాట మాత్రం నాకే తగిలింది.

ఇప్పుడు చెప్పండి. సుంకం వసూలు చేసిన కోటకి నెత్తురు తాగేవాడి పేరు తగిలింది. ప్రపంచంలో ఒక్కరికైనా ఇందులో వింత కనిపించిందా? పిల్లలూ, మీకు?

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క నిమిషం.

కోట కింద పాత సుంకపు ఇల్లు ఇంకా ఉంది. జనమంతా పైకి పోతున్నారు, అక్కడ ఎవరూ లేరు. గుమ్మం ముందు నిలబడితే మనవరాలు తన కోరలు నా నోట్లో పెట్టి ఫొటో తీసింది. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించింది. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే "మావారి ఆఫీసు" అంటోంది.