ఫోన్ తెర మీద మన చిరునామా

పెద్దలకు, మిత్రులకు, కుర్చీలు చాలక గోడవారగా నిలబడిన విద్యార్థులకు నమస్కారం.

ఈ మధ్య నా ఫోన్ పాడైతే హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. పాత ఫోన్‌లోని సమాచారాన్ని కొత్త దానిలోకి ఎక్కిస్తున్న పిల్లవాడికి ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. అతని ముందు ఏడెనిమిది ఫోన్లు వరుసగా పడి ఉన్నాయి. ఏది ఎవరిదో ఎట్లా గుర్తుంటుందని ఊరికే అడిగాను. "ఐమో కనబడ్డదంటే ఇంట్ల ఎవరో ఒకరు దుబాయ్‌ల ఉన్నట్టే సార్. టెలిగ్రామ్ నిండ పీడీఎఫ్‌లుంటే గ్రూప్స్‌కు చదివే పిల్లలు. లింక్డిన్ ఉన్నోళ్లు స్క్రీన్ గార్డ్ రేటు అడగరు" అన్నాడు. ఐమో అంటే ఇంటర్నెట్ మీద వీడియో కాల్ చేసుకునే యాప్.

మూడో మాటకు నవ్వాను. మొదటి మాట మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఒక మనిషి ఏ సామాజిక మాధ్యమంలో ఉన్నాడో చూసి అతని స్వభావాన్ని చెప్పడం ఇవాళ అందరికీ ఒక సరదా అయింది. ఫేస్‌బుక్ పెద్దవాళ్లదని, ఇన్‌స్టాగ్రామ్ సోకులకని, ఎక్స్ కొట్లాటలకని తేల్చేస్తాం. దుకాణంలోని పిల్లవాడు స్వభావం జోలికి పోలేదు. ఆ ఇంటి మనుషులు ఎక్కడున్నారో, దేనికోసం ఎదురుచూస్తున్నారో చెప్పాడు. నా దృష్టిలో సరైన పద్ధతి అతనిదే.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు అరుదు. దుబాయ్ ఉన్న యూఏఈలో వాట్సాప్ ద్వారా రాతలు, ఫొటోలు వెళ్తాయి కాని కాల్ కలవదు. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకోవడాన్ని అక్కడి ప్రభుత్వం అనుమతి పొందిన సేవలకే పరిమితం చేసింది. అట్లా వాట్సాప్ కాల్ కలవని చోట మనవాళ్లు ఉండబట్టి, మనలో చాలామంది పేరు కూడా వినని ఐమో, బోటిమ్ వంటి కాల్ యాప్‌లు ఆ పల్లెల్లో ఇంటింటి మాటలయ్యాయి. మా బంధువుల ఇంట్లో ఒక పెద్దమ్మకు అక్షరాలు రావు. ఛుట్టీ మీద వచ్చిన కొడుకు ఆ యాప్ వేసి, ఏ బొమ్మ నొక్కాలో చూపించి వెళ్లాడు. రాత్రి అన్నం తిన్నాక ఆమె ఫోన్‌ను సజ్జ గోడకు ఆనించి కూర్చుంటుంది. తెరలో కొడుకు ముఖం, అతని వెనుక ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న ఇనుప మంచాలు, ఆ మంచాల కమ్మీలకు ఆరేసిన బట్టలు. ఈమె అభిరుచి ఏమిటని ఆ యాప్‌ను చూసి అడగడం ఎంత అసందర్భమో వేరే చెప్పనక్కరలేదు.

అంతమాత్రాన అభిరుచికి, వర్గానికి ఇందులో పాత్రే లేదని నేను అనను. 2004 జనవరిలో గూగుల్ ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమాన్ని ప్రారంభించింది; మరుసటి నెలలో హార్వర్డ్ విద్యార్థుల కోసం ఫేస్‌బుక్ మొదలైంది. ఆర్కుట్ పుట్టింది అమెరికాలో అయినా దాన్ని ఆదరించింది బ్రెజిల్, ఇండియా. ఇక్కడి నెట్ సెంటర్లలో ప్లైవుడ్ అరల మధ్య గంటకింత అని కట్టి, స్నేహితుల పేజీల్లో స్క్రాప్‌లు అనే చిన్న సందేశాలు రాసిన తరం ఈ సభలో ఉంది. కొందరు నవ్వుతున్నారు కూడా. తరువాత పై చదువులకు హైదరాబాద్, అమెరికా వెళ్లినవారు ముందుగా ఫేస్‌బుక్‌కు మారారు. "ఇంకా ఆర్కుట్‌లోనే ఉన్నావా?" అనే ప్రశ్నలో, ఇంకా ఊళ్లోనే ఉన్నావా అన్న వెటకారం కలిసి ఉండేది. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడేనాటికి అక్కడ మిగిలి ఉండటమే నామోషీ అయింది. అమెరికాలోనూ ఇదే జరిగింది. కళాశాల చదువు ఖాయమైన పిల్లలు ఫేస్‌బుక్‌కు, మిగిలినవారు మైస్పేస్ అనే మరో సామాజిక మాధ్యమానికి చేరుతున్నారని, ఆ చీలికలో వర్గ భేదాలు కనిపిస్తున్నాయని డానా బోయిడ్ అనే పరిశోధకురాలు 2007లోనే రాశారు.

మన దగ్గర ఆ భేదం ఇంకా మొరటుగా బయటపడింది టిక్‌టాక్ విషయంలో. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. నిషేధానికి చెప్పిన కారణం దేశభద్రత. మన ఇళ్లలో వినిపించిన సంతోషానికి కారణం వేరు. ఆ యాప్‌లో అక్షరం రాయనక్కరలేదు, ముందుగా స్నేహబృందమూ అక్కరలేదు. ఎవరి వీడియో ఎవరికి చూపాలో యంత్రమే నిర్ణయించేది కనుక, నాటు వేస్తూ పాట పాడిన కూలీ తల్లిని ఆమెను ఎరగని వేలమంది చూడగలిగారు. చదువుకున్న వాళ్లం దాన్ని చిల్లర అన్నాం. కొద్ది రోజులకే, జూలైలో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇండియాకు వచ్చాయి. అదే కొలతలో అదే గంతును అక్కడ చూడటానికి మనకు ఏ అభ్యంతరమూ కలగలేదు. మన చిరాకు ఆ గంతు మీద కాదని, గంతు వేస్తున్న మనుషుల మీదనని దీన్నిబట్టి తేలుతుంది. ఆ రోజుల్లో నేనూ ఈసడించుకున్నవాడినే. ఫేస్‌బుక్‌లో సాహిత్య మిత్రుల నడుమ ఉండటమే ఒక యోగ్యత అనుకున్నాను.

కూర్చునే చోటును బట్టి మనిషిని అంచనా వేయడం కొత్త సంగతేమీ కాదు. 1904లో ఇదే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఏర్పడింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అక్కడికి వెళ్లి తెలుగు పత్రిక విప్పడమే ఒక అభిప్రాయ ప్రకటన. అయితే ఆ గదిలో ఉన్నవాడు ఆ సమయానికి మరో గదిలో ఉండలేడు. ఇవాళ ఒకే ఆడపిల్ల ఒకే సాయంత్రం మూడు గదుల్లో, మూడు రకాల మనిషిగా ఉండగలదు.

ఆడపిల్ల అని ఊరికే అనలేదు. ప్రొఫైల్ ఫొటోను ఇతరులు దించుకోకుండా అడ్డుకునే ఏర్పాటును ఫేస్‌బుక్ 2017 జూన్‌లో తెచ్చినప్పుడు దానికి ఎంచుకున్న దేశం మనదే. తమ ముఖం పెట్టడానికి స్త్రీలు భయపడటమే అందుకు కారణం. గులాబీ పువ్వు, లక్ష్మీదేవి, చంటిపిల్ల బొమ్మలు ఎవరి ఖాతాల మీద ఉంటాయో మనందరికీ తెలుసు. మా తమ్ముడి కూతురు ఇన్‌స్టాగ్రామ్‌లో బతుకమ్మ ఫొటోలు తప్ప ఏమీ పెట్టదు. ఎంత పద్ధతైన పిల్ల అని నేను మెచ్చుకుంటే, "పెద్దనాన్నా, అది చుట్టాల అకౌంటు" అంది. రెండోది ఉందని చెప్పింది కాని పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పిల్ల ఎంపికను చూస్తే నాకు ఆమె గురించి కన్నా మా గురించే ఎక్కువ తెలిసింది.

భాష సంగతి కూడా చూడండి. 2015లో మొదలైన షేర్‌చాట్ అనే యాప్ ఇంగ్లిషును పక్కన పెట్టి, తెలుగు వంటి భాషలతోనే నడిచింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఇటువంటి వాటికి జనం పెరిగారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల వాట్సాప్ గ్రూపులో నన్ను ఒక మిత్రుడు చేర్చాడు. అందులో రాత దాదాపు ఉండదు, అన్నీ గొంతులే. "తేజకు ఇయ్యాల జెండా పాట ఎంత పోయిందే?" అని ఒకరు అడుగుతారు, వెనుక హమాలీల కేకల నడుమ మరొకరు అంకె చెబుతారు. తేజ అంటే ఒక మిర్చి రకం, జెండా పాట అంటే ఆ రోజు వేలంలో పలికిన ధర. పది సెకన్లలో పని అయిపోతుంది. అక్కడ ఎవరూ తమను తాము ప్రదర్శించుకోరు.

ఇష్టాల నుంచి మనిషిని పసిగట్టవచ్చని నిరూపించిన పరిశోధనలూ లేకపోలేదు. 58,000 మందికి పైగా వలంటీర్ల ఫేస్‌బుక్ లైకులను బట్టి వారి రాజకీయ, మత విశ్వాసాలను చాలావరకు సరిగ్గా ఊహించవచ్చని 2013లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపారు. ప్రకటనలు అమ్ముకునే కంపెనీకి అది సరిపోవచ్చు. పెద్దమ్మ ఫోన్‌ను గోడకు ఎందుకు ఆనించిందో తెలుసుకోవడానికి సరిపోదు.

చివరకు ఆ పిల్లవాడిని నా ఫోన్ చూస్తే ఏమర్థమైందని అడిగాను. కాసేపు నసిగి, "మీ గ్రూపులన్ని మ్యూట్‌ల ఉన్నయ్ సార్" అన్నాడు. నిజమే, అన్నిటికన్నా ముందు మ్యూట్ చేసింది మా ఊరి గ్రూపును. తెల్లవారకముందే మొదలయ్యే శుభోదయం బొమ్మలు భరించలేక రెండేళ్ల కిందట ఆ పని చేశాను. ఇంటికి వచ్చి తెరిస్తే వందల సందేశాలు. పైకి జరుపుకుంటూ పోగా, నాకు నాలుగో తరగతిలో ఎక్కాలు నేర్పిన సారు ఫొటో, దానికి దండ కనిపించాయి. తేదీ చూస్తే ఆరు రోజులైంది. దశదినకర్మకు మాత్రం వెళ్లగలిగాను.