ఇచిరో ఆల్ టైమ్ గ్రేటా, కాదా? సియాటిల్ స్టేడియంలో మా ఇంటి పంచాయితీ

అందరికీ నమస్తే! ఇవాళ వంట వీడియో కాదు, షాపింగ్ కూడా కాదు. సియాటిల్‌లో టీ-మొబైల్ పార్క్‌కి వచ్చాం, ఇక్కడి బేస్‌బాల్ జట్టు మెరైనర్స్ మ్యాచ్ చూడ్డానికి. ఇంత ఎండలోనూ స్వెటర్ విప్పకుండా ముందు నడుస్తున్నారే, ఆయన మా మావయ్యగారు. గుంటూరు నుంచి వచ్చారు. క్రికెట్ అంటే ప్రాణం. బేస్‌బాల్ అంటే మాత్రం "అదేదో గిల్లీదండా" అంటారు.

బయటి తిండి ఇక్కడ లోపలికి తెచ్చుకోవచ్చు, అందుకే పులిహోర కట్టుకొచ్చాను. మా ఆయన మాత్రం వేయించిన మిడతలు తింటానంటాడు. నిజంగా మిడతలేనండీ, కారం, నిమ్మరసం పట్టించినవి. 2017లో ఇవి మొదలుపెట్టిన కొద్దిరోజులకే మ్యాచ్‌కి 312 కప్పులే అని పరిమితి పెట్టారు. ఎందుకంటే ఇక్కడి పాత హీరో ఎడ్గర్ మార్టినెజ్ బ్యాటింగ్ సగటు .312, అంటే వెయ్యి ప్రయత్నాల్లో సుమారు 312సార్లు బంతిని కొట్టి అవుట్ కాకుండా బయటపడ్డాడు. మిడతల్ని కూడా సగటుతో లెక్కపెట్టే ఊరన్నమాట. మావయ్యగారు ఆ కప్పు వైపు తలతిప్పి చూడలేదు.

సీట్లో కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మాయ్, ఇంతమంది 51 నంబరు చొక్కాలు వేసుకున్నారు, ఎవరా మహానుభావుడు?"

జపాన్ నుంచి వచ్చి మెరైనర్స్‌కి ఆడిన ఇచిరో సుజుకి అని చెప్పాను. అక్కడితో ఆగాల్సింది. మా ఆయన "మంచి ప్లేయరే నాన్నా, కానీ జనం మోసేంత కాదు" అన్నాడు. ఇంకేముంది, మొదలైంది.

ముందు ఫోన్లో ఒక పాత వీడియో చూపించాను. ఇచిరో ఎడమచేతి వాటం బ్యాటర్. పిచర్ బంతి వేసేముందు కుడిచేత్తో బ్యాట్‌ని నిలువుగా ముందుకు పట్టుకుంటాడు, ఎడమచేత్తో కుడి భుజం దగ్గర చొక్కాని ఒకసారి పైకి లాగుతాడు. ప్రతిసారీ అంతే, ఏ మార్పూ ఉండదు. బ్యాట్ బంతికి తగిలేసరికే ఒళ్లంతా మొదటి బేస్ వైపు, అంటే కొట్టినవాడు ముందుగా పరుగెత్తి చేరాల్సిన చోటు వైపు, వాలిపోయి ఉంటుంది. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని, "కొట్టకముందే పరుగు మొదలెట్టాడేంట్రా ఇతను!" అన్నారు. ఇచిరో ఆటని అంతకంటే బాగా ఎవరు చెప్పినా నేను వినలేదు.

ఇక మా ఆయన వాదన. డేటా ఉద్యోగం కదా, ఊరుకోడు. అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ఇచిరో సగటు .311, బాగానే ఉంది. కానీ వాక్స్ (పిచర్ చెడ్డ బంతులు వేస్తే ఊరికే దక్కే బేస్) తక్కువ, అందుకే బేస్ చేరే శాతం .355 దగ్గర ఆగిపోయింది. కెరీర్ మొత్తమ్మీద హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి) 117. ఇదే ఊళ్లో ఆడిన కెన్ గ్రిఫీ జూనియర్‌వి 630. తర్వాత వార్ లెక్క తీశాడు. కింది లీగ్ నుంచి తెచ్చుకోగల మామూలు ఆటగాడి కంటే ఒకడు జట్టుకి ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పే లెక్క అది. బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ ప్రకారం ఇచిరోకి 60, గ్రిఫీకి దాదాపు 84, పాతకాలపు దిగ్గజం బేబ్ రూత్‌కి 180 పైనే. పిచర్లని కూడా కలిపితే మొదటి వంద మందిలో ఇచిరో పేరుండదు. 2001లో ఇచిరోకి వచ్చిన ఎంవీపీ (ఏడాదికి అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) కూడా, లెక్కల్లో చూస్తే ఓక్లాండ్ ఆటగాడు జేసన్ జియాంబీకి రావాల్సిందట.

ఇవేవీ అబద్ధాలు కావు. కానీ 2001 అంటే ఏ కాలం? బ్యారీ బాండ్స్ ఒక్క సీజన్లో 73 హోమ్ రన్స్ కొట్టిన ఏడాది. కండలు, స్టెరాయిడ్ల గొడవలు, బంతి స్టాండ్స్‌లో పడితేనే ఆట అనుకునే రోజులు. అప్పుడు జపాన్ నుంచి ఒక సన్నటి మనిషి 27 ఏళ్ల వయసులో వచ్చి, మొత్తం 8 హోమ్ రన్స్‌తో, 242 హిట్స్‌తో (కొట్టి బేస్ చేరడం), 56 స్టీల్స్‌తో (పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) ఎంవీపీ, రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) రెండూ ఒకే ఏడాది పట్టుకెళ్లాడు. ఆ జట్టు 116 మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడాదితో మొదలుపెట్టి వరుసగా పదేళ్లు, ప్రతి సీజన్లోనూ 200 హిట్స్ దాటాడు. పదేళ్లూ ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు.

"2004లో 262 హిట్స్ కొట్టాడంటారు, అందులో 225 సింగిల్సే, ఒక్క బేస్ దక్కేవే" అన్నాడు మా ఆయన.

మా పక్క సీటు పెద్దావిడ పెన్సిల్‌తో స్కోర్‌కార్డ్ రాసుకుంటూ కూర్చుంది. మేం తెలుగులో కొట్టుకుంటున్నా మధ్యలో "ఇచిరో, 262" వినపడేసరికి ఇటు తిరిగింది. ఆ రికార్డు పడిన రోజు ఆవిడ ఇదే స్టేడియంలో ఉందట, 2004 అక్టోబర్ 1న. 1920లో జార్జ్ సిస్లర్ కొట్టిన 257 దాటడానికి 84 ఏళ్లు పట్టింది. సిస్లర్ కూతురు ఆ రోజు స్టాండ్స్‌లోనే కూర్చుని ఉంది. ఇచిరో రికార్డు దాటగానే సిస్లర్ కూతురి దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు. ఆ ఏడాది మెరైనర్స్ 99 మ్యాచ్‌లు ఓడిపోయారండీ. చూడ్డానికి వేరే కారణమే లేదు, జనం ఆ ఒక్కడి కోసమే వచ్చేవాళ్లు.

మావయ్యగారికి ఇక్కడ లక్ష్మణ్ గుర్తొచ్చాడు. "మన లక్ష్మణ్ టెస్ట్ సగటు 46 కూడా లేదు. ఆ సగటు చూపించి ఈడెన్‌లో కొట్టిన 281ని తీసేస్తావా?" అన్నారు. అదీ 2001లోనే, ఇచిరో ఇక్కడ మొదలుపెట్టడానికి సరిగ్గా కొన్ని వారాల ముందు! మా ఆయన కాసేపు మిడతల మీద పడ్డాడు.

జపాన్ హిట్స్ సంగతి మాత్రం నేను మా ఆయన వైపే. అక్కడ 1,278, ఇక్కడ 3,089, కలిపితే 4,367, మేజర్ లీగ్‌లో అత్యధిక హిట్స్ రికార్డు ఉన్న పీట్ రోజ్ 4,256ని దాటేశాడు అని కొందరు అంటారు. లీగ్ వేరు, పిచర్లు వేరు, కలపడం కుదరదు. అలాగని ఆ తొమ్మిదేళ్లని లేనట్టు చూడటం ఇంకా తప్పు. 1994లో అక్కడ సీజన్‌కి 130 మ్యాచ్‌లే, అందులో 210 హిట్స్. వరుసగా ఏడుసార్లు బ్యాటింగ్ టైటిల్. వార్ లెక్కలో ఆ ఏళ్లకి సున్నా. గ్రిఫీకి 19 ఏళ్లకే మొదలైన మీటర్ ఇచిరోకి 27కి మొదలైంది. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి 84, 60 అనడం నాకు న్యాయంగా అనిపించదు.

కాబట్టి నా తీర్పు వినండి. రూత్, విల్లీ మేస్, హ్యాంక్ ఆరన్ ఉన్న మొదటి పదిమందిలో ఇచిరోని వెయ్యను. ఆ బరువు వేరు. కానీ ఫీల్డర్లు లేని చోటు వెతికి బంతిని అక్కడికి పంపడంలో టై కాబ్, టోనీ గ్విన్, రాడ్ కరూ పక్కన కుర్చీ వేస్తాను. పైగా రైట్ ఫీల్డ్‌లో, అంటే మైదానం కుడివైపు చివర్న, నిలబడి విసిరే ఆ చెయ్యి! 2001 ఏప్రిల్‌లో ఓక్లాండ్‌లో అక్కడి నుంచి మూడో బేస్‌కి నేరుగా విసిరి టెరెన్స్ లాంగ్‌ని అవుట్ చేసిన త్రో చూడకపోతే వెంటనే వెతికి చూడండి.

2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితాకి, 394 మంది విలేకరుల్లో 393 మంది ఇచిరోకి ఓటేశారు. ఆ మిగిలిన ఒక్కరూ ఎవరో ఇప్పటికీ బయటికి రాలేదు. ఇచిరో సరదాగా ఆ ఒక్కరినీ ఇంటికి భోజనానికి పిలిచాడు, జవాబు రాకపోయేసరికి హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో వేదిక మీద "ఆ ఆహ్వానం గడువు అయిపోయింది" అని నవ్వించాడు. ఈ కథ విని మావయ్యగారు కొడుకు వైపు తిరిగి, "ఆ ఓటు నువ్వు గానీ వెయ్యలేదు కదా?" అన్నారు.

ఆరో ఇన్నింగ్స్ మొదలవుతోంది, కెమెరా ఆపుతున్నా. మావయ్యగారికి స్టీల్ అంటే ఏంటో ఇంకా చెప్పాలి.