రిజిస్టర్‌లో టిక్కు, ఎలివేటర్‌లో పొగ

వ్యాఖ్యాత: మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో రోజూ చేసే మిషన్ల చెకింగ్ గురించి మాట్లాడుకుంటున్నాం. చాలా ఏళ్లు మిల్లు ఫిట్టర్‌గా చేసిన మేస్త్రి గారు మనతో ఉన్నారు. మండపేట నుంచి ఫోన్. హలో, చెప్పండి.

కాలర్: నమస్కారమండి. పేరు అడక్కండి, మా షావుకారు గారు వింటారు. బాయిల్డ్ రైస్ మిల్లులో మెయింటెనెన్స్ మాదండి, ఇద్దరమే. రోజూ ఇరవై రెండు చోట్ల చూసి రిజిస్టర్‌లో టిక్కు పెట్టాలి. దాళ్వా ధాన్యం దిగిందంటే తీరికెక్కడిదండి? టీ తాగుతూ వరసగా పెట్టేస్తాం. పోయిన వారం ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్‌కి పైనున్న బేరింగ్ పట్టేసింది. బెల్టు రాసుకుని పొగ. ఆ రోజు దానికీ టిక్కు ఉందండి. నాదే.

మేస్త్రి: పొగతో పోయింది, నయం. ఎలివేటర్ లోపల లేచే దుమ్ముకి నిప్పు తగిలితే పేలుతుంది బాబూ. పైకెక్కి ఎప్పుడు చూశారు?

కాలర్: సంక్రాంతికి ముందండి. గ్రీజు మాత్రం బయటికొచ్చేదాకా కొట్టానండి.

మేస్త్రి: అదుగో! గ్రీజు ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది. బేరింగ్ గూట్లో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. పైగా గ్రీజు ఎక్కించే నిపుల్ తుడవకుండా గ్రీజు గన్ పెడితే తవుడు దుమ్మంతా లోపలికే పోతుంది. ఇక టిక్కులు మానేయండి, అంకె రాయండి. మిల్లు నడిచిన గంటకి, టెంపరేచర్ గన్‌తో, రోజూ ఒకే చోట. నిన్న 48 డిగ్రీలు, ఇవాళ 49, రేపు 61 అయితే ఎందుకో వెతకాలి. టీ తాగుతూ 48 అని రాయాలంటే చెయ్యి మొహమాటపడుతుంది.

కాలర్: ఇరవై రెండు చోట్లా అండి?

మేస్త్రి: అన్నీ రోజూ ఎందుకు? ఎలివేటర్లు రోజూ చూడండి. వి-బెల్టుల బిగువు, బోల్టులు వారానికోసారి చాలు. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టంలోని నీళ్లు మాత్రం ప్రతి షిఫ్టులో బయటికి వదిలి, మళ్లీ చటుక్కున ఎక్కుతున్నాయా చూడాల్సిందే. పెళ్లి ఉన్నా సరే.

కాలర్: సీజన్‌లో మిల్లు ఆపనివ్వరండి.

మేస్త్రి: వినడానికి, వేడి కొలవడానికి ఆపక్కర్లేదు. కవర్ విప్పాలంటే ఆపాల్సిందే. మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు చూడకుండా స్విచ్ వేసేస్తారు. మా రోజుల్లో లుంగీలతోనే బెల్టు పక్కన తిరిగేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అవునూ, పోయిన వారం ఎంతసేపు ఆగింది?

కాలర్: రోజున్నరండి. బేరింగ్ కాకినాడ నుంచి రావాల్సొచ్చింది.

మేస్త్రి: ఆ రోజున్నర లెక్క షావుకారు గారి ముందు పెట్టి, వారానికి అరగంట అడగండి. ఒక స్పేర్ బేరింగ్ కూడా.

వ్యాఖ్యాత: భీమవరం దగ్గర నుంచి ఇంకొకరు. టైమ్ తక్కువండి.

రెండో కాలర్: ఐస్ ఫ్యాక్టరీ అండి. చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాస్ వాసన కొంచెం ఎప్పుడూ ఉంటుంది, అలవాటైపోయింది.

మేస్త్రి: అలవాటైన ముక్కుని నమ్మకండి. ఎర్ర లిట్మస్ కాగితం తడిపి వాల్వుల దగ్గర పెట్టండి. లీకుంటే నీలమవుతుంది. గ్యాస్ మాస్కు ఎక్కడుంది?

రెండో కాలర్: కంప్రెసర్ రూములోనే, మేకుకి తగిలించామండి.

మేస్త్రి: లోపలా! గ్యాస్ నిండాక లోపలికెళ్లి తెచ్చుకుంటారా? ఫోన్ పెట్టేసి, ముందు దాన్ని తీసుకొచ్చి గుమ్మం బయట తగిలించండి.