ఇద్దరికీ ఒకే రాడ్

శ్రోతలకు నమస్కారం.

గాలం వేసే మనిషి అనగానే మన కళ్ల ముందుకు ఒక బొమ్మ వస్తుంది. గట్టు మీద ఒంటరిగా కూర్చుని, బెండు ఎప్పుడు మునుగుతుందా అని కళ్లార్పకుండా చూసే మనిషి. పక్కన ఎవరైనా దగ్గినా విసుక్కుంటాడు. ఇవాళ చెప్పబోయే వేట ఆ రకం కాదు. చల్లటి కొండవాగుల్లో ఉండే ట్రౌట్ చేపను, పురుగులా కనబడే ఎర వేసే ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో పట్టడం, అదీ స్నేహితులతో కలిసి పట్టడం. నా మాట ముందే చెప్పేస్తాను. ఇద్దరు కలిసి వెళ్తే ఒక రాడ్, అంటే గాలపు కర్ర, చాలు, రెండోది బండిలోనే ఉంచేయండి. ఒకరు విసరాలి, ఒకరు చూడాలి, తర్వాత చేతులు మారాలి. ఈ మాట అంటే చాలామంది నవ్వుతారు. అంత దూరం నడిచి వెళ్లింది ఇంకొకడు పడుతుంటే చూడ్డానికా అంటారు. అవును, సగం దానికే.

ఎందుకో తెలియాలంటే ముందు చేప సంగతి తెలియాలి. ట్రౌట్ చన్నీటి చేప. సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే నీళ్లలో హాయిగా ఉంటుంది. 20 దాటితే దానికి కష్టం మొదలవుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోవడమే ప్రధాన కారణం. బ్రౌన్ ట్రౌట్ పుట్టిల్లు ప్రధానంగా యూరప్. రెయిన్‌బో ట్రౌట్‌ది ఉత్తర అమెరికా పడమటి నదులు, రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చాట్కా. మిగతా చోట్లకు వీటిని మనుషులే మోసుకెళ్లారు. 1864లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవికి ట్రౌట్ గుడ్లను తడి నాచులో పెట్టి, చుట్టూ మంచుగడ్డలు పేర్చి, ఓడలో దాదాపు మూడు నెలలు ప్రయాణం చేయించారు. గుడ్లు బతికి చేరాయి. కొన్నేళ్లకు అక్కడి నుంచి న్యూజిలాండ్‌కూ వెళ్లాయి. ఫ్రిజ్ అనేదే లేని కాలంలో ఒక చేప కోసం ఇంత తాపత్రయం!

వాగులో ట్రౌట్ తల దాదాపు ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది. తిండి అటు నుంచే కొట్టుకొస్తుంది కాబట్టి. వడిగా పారే నీళ్లలో నిలబడితే ఒళ్లు అలిసిపోతుంది, నిలవనీళ్లలో ఉంటే తిండి రాదు. అందుకని ఆ రెంటికీ మధ్య గీతలా ఉండే చోటు చూసుకుంటుంది. బండరాయి వెనకో, రాయికి ముందు నీళ్లు కాస్త నెమ్మదించే చోటో, ఒడ్డు కింద తొలిచినట్టున్న నీడలోనో నిలబడుతుంది. పెద్ద చేప మంచి చోటు పట్టుకుంటుంది, చిన్నవి మిగిలింది సర్దుకుంటాయి.

దాని తిండిలో ఎక్కువ భాగం నీటిపురుగులు. మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై అని రకరకాలు. మేఫ్లై పిల్లపురుగుగా నీటి అడుగున రాళ్ల కింద నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏడాది దాకా ఉంటుంది. రెక్కలొచ్చి పైకి లేచాక దాని ఆయుష్షు రోజో రెండు రోజులో. ఆ దశలో దానికి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, చచ్చి నీళ్ల మీద పడుతుంది. ఇలాంటి పురుగులు గుంపులుగా పైకి లేచే వేళల్లో ట్రౌట్ నీటి పైపొరకు వచ్చి ఒక్కొక్కదాన్నీ చప్పరిస్తుంది. ఫ్లై పట్టుకుని తిరిగేవాడు ఎదురుచూసేది ఆ ఘడియ కోసమే.

ఫ్లై అంటే చిన్న కొక్కేనికి దారం, ఈక, బొచ్చు చుట్టి పురుగులా కనబడేట్టు చేసిన ఎర. ఇదేమీ కొత్త తెలివి కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో ఒక నది దగ్గర జనం కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి మచ్చల చేపల్ని పట్టేవారని రాశాడు. వస్తువులు మారాయి కానీ కిటుకు అదే.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. మామూలు గాలానికి సీసపు గుండు బరువు ఉంటుంది, విసిరితే అది దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే లేదు. ఈకను ఎంత బలంగా విసిరినా ఎంత దూరం పోతుంది? అందుకని ఇందులో బరువంతా దారంలో పెట్టారు. లైన్ లావుగా, బరువుగా ఉంటుంది. ట్రౌట్‌కు ఎక్కువగా వాడే 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. తొమ్మిదడుగుల రాడ్‌తో ఆ లైన్‌ను ముందు వెనక్కి విసరాలి, అది గాలిలో పూర్తిగా చాచుకున్నాక ముందుకు విసరాలి. లైన్ చివర పోనుపోను సన్నబడే లీడర్ అనే దారం, దాని చివర వెంట్రుకంత సన్నటి టిప్పెట్ దారం, దానికి ఫ్లై.

కొత్తవాళ్లందరూ తడబడేది ఆ వెనక విసురు దగ్గరే. లైన్ వెనక్కి చాచుకోవడానికి కొంత సమయం పడుతుంది. అందాకా ఆగకుండా తొందరపడి ముందుకు లాగితే లైన్ చర్నాకోలలా ఛెళ్లుమంటుంది, ఫ్లై తెగి పొదల్లోకి ఎగిరిపోతుంది. విసిరేవాడికి వీపు వెనక కళ్లుండవు కదా. పక్కన కాస్త దూరంగా, విసిరే చేతికి అవతలి వైపు నిలబడ్డ స్నేహితుడికి లైన్ మొత్తం కనబడుతుంది. "ఆగరా... ఆగు... ఇప్పుడు" అని అతను నాలుగుసార్లు అంటే చేతికి ఆ తాళం పట్టుబడుతుంది. వీడియోలు ఎన్ని చూసినా రానిది ఈ ఒక్క మాటతో రావడం నేను చాలామందిలో చూశాను.

ఇక చూపు సంగతి. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచం మొత్తం ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. కాంతి నీటిలోకి వంగి దిగడం వల్ల ఆ కిటికీ కోణం దాదాపు 97 డిగ్రీలు. దాని బయట నీటి పైపొర అంతా అడుగు భాగాన్నే చూపించే అద్దం. చేప ఒక అడుగు లోతున ఉంటే ఆ కిటికీ వెడల్పు రెండుంపావు అడుగులు. పైకి వచ్చేకొద్దీ ఇంకా చిన్నది. అంటే పైపొర దగ్గర పురుగులు తింటున్న చేపకు ఫ్లై కనబడాలంటే గురి బాగా కుదరాలి. ఇంకో సంగతి, సరిగ్గా తోక వెనక ఉన్నది దానికి కనబడదు. అందుకే దిగువ నుంచి, వంగి, నెమ్మదిగా దగ్గరికి వెళ్లాలి.

ఇబ్బందేమిటంటే, అంత కింద వంగినవాడికి నీటి మీద మెరుపు తప్ప చేప కనబడదు. కాబట్టి రెండోవాడు ఒడ్డు మీద కాస్త ఎత్తులో, చెట్టు నీడలో, పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడాలి. ఆ అద్దాలు నీటి మీది మెరుపును చాలా వరకు కోసేస్తాయి. అక్కడి నుంచి చేప తోక కదలిక, నోరు తెరిచినప్పుడు తెల్లగా మెరవడం కూడా కనబడతాయి. "రాయికి ఎడమ పక్క, నీ రాడ్ పొడవంత దూరం" అని చెప్పాలి. రాడ్ పొడవునే కొలతగా పెట్టుకోవడం మేలు. ఉత్తినే "నాలుగడుగులు" అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క.

ఫ్లై సరైన చోట పడితే సరిపోదు, అసలు పురుగు ఎలా కొట్టుకొస్తుందో అలాగే రావాలి. వాగులో నీళ్లు ఒకచోట వడిగా, పక్కనే మెల్లగా పారతాయి. లైన్ ఆ రెంటి మీదా పడి ఉంటుంది కాబట్టి ఫ్లైని పక్కకు లాగుతుంది. ట్రౌట్ అది చూసి ముఖం తిప్పేసుకుంటుంది. ఈ లాగుడు కొన్నిసార్లు ఎంత తక్కువగా ఉంటుందంటే ముప్పై అడుగుల దూరంలో ఉన్నవాడు పసిగట్టలేడు. పక్క నుంచి చూసేవాడు "లాగుతోంది" అంటాడు. వెంటనే రాడ్ ఎత్తి లైన్‌ను ఎగువ వైపు మడత వేస్తే మళ్లీ కాసేపు ఫ్లై తేలికగా సాగుతుంది. చేప పట్టించుకోకపోతే జనం పెట్టె తెరిచి ఫ్లైలు మార్చడం మొదలుపెడతారు. ఎరుపా, గోధుమరంగా, 14 నంబరు సైజా, 16 నంబరు సైజా అని ఇద్దరూ పోట్లాట. నన్నడిగితే ఫ్లై మార్చే ముందు నిలబడ్డ చోటు మార్చి చూడటం నయం. అప్పటికీ కాకపోతే చిన్న సైజు పెట్టండి. రంగు గురించిన వాదన ఆఖరికి, తినేటప్పుడు పెట్టుకోవచ్చు.

ఇంతసేపూ మాట్లాడుకుంటూనే ఉండాలా, చేప బెదరదా అని మీకు అనుమానం రావచ్చు. గాలిలో మాట్లాడే మాటలో దాదాపు అంతా నీటి పైపొరకు తగిలి వెనక్కి పోతుంది, లోపలికి దిగేది బహు స్వల్పం. కబుర్లు చెప్పుకోండి, జోకులు వేసుకోండి. ఒడ్డు మీద దబదబా అడుగులేయడం, నీటిలో రాళ్లు కదిలించడం మాత్రం పనికిరాదు. ఒంటి పక్కల ఉండే గీత లాంటి అవయవంతో చేప ఆ అదురును పట్టేస్తుంది. నీడ పడటం కూడా అంతే.

చేప ఫ్లైని అందుకోగానే టెన్షన్‌లో వెంటనే రాడ్ లాగేస్తే అది నోట్లోంచి జారిపోతుంది. తల మళ్లీ నీళ్లలోకి వంగేదాకా ఆగాలి. న్యూజిలాండ్‌లో "గాడ్ సేవ్ ద క్వీన్" అనుకుని అప్పుడు ఎత్తమనేవారు. చూసేవాడు ఇక్కడ అరవకుండా నోరు మూసుకోవడం మంచిది. వాడి అరుపుకు ఉలిక్కిపడి రాడ్ లాగేయడం వల్లే సగం చేపలు పోతాయి.

తర్వాత వల పని. వల పట్టుకున్నవాడు విసిరినవాడికి దిగువన నిలబడి, వలను నీళ్లలో ముంచి కదలకుండా ఉంచాలి. చేపనే వల మీదికి తేవాలి. వలతో చేప మీదికి దూకితే సన్నటి టిప్పెట్ పుటుక్కుమంటుంది. ఆ తర్వాత స్నేహం ఒక గంట పాటు చల్లబడుతుంది.

స్నేహితులతో వెళ్లినప్పుడు చేపకు వచ్చే పెద్ద గండం ఫోటో. "ఇంకొంచెం పైకెత్తు, నవ్వు, ఇంకోటి" అంటూ ఉంటే అది ఊపిరాడక గిలగిలలాడుతుంది. కెనడాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 1992లో వచ్చాయి. బాగా అలిసిపోయిన రెయిన్‌బో ట్రౌట్‌లను గాలిలో ఉంచకుండా వదిలితే వందకు 12 చనిపోయాయి. 30 సెకన్లు గాలిలో ఉంచితే 38, ఒక నిమిషం ఉంచితే 72. కాబట్టి వదిలేసే ఉద్దేశం ఉంటే చేపను నీళ్లలోనే ఉంచండి. చేతులు తడుపుకుని పట్టుకోండి, లేకపోతే ఒంటి మీది జిగురు పొర పోతుంది. వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కెం వాడితే ఇట్టే ఊడొస్తుంది. తల ఎగువకు పెట్టి, అది తనంతట తాను ఈదిపోయేదాకా ఆనించి ఉంచాలి. ఫోటో తీసేవాడు ముందే కెమెరా సిద్ధం చేసుకున్నాకే, చేప ఒక్క క్షణం పైకి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఆ రోజుకు వేట ఆపేయాలి. చిన్న థర్మామీటర్ జేబులో ఉంటే ఈ వాదన తేలిపోతుంది.

వాగు దాటడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒంటరిగా వెళ్లొద్దనడానికి ఇదొక్కటి చాలు. నీటి వడి రెట్టింపైతే కాళ్ల మీద తోపుడు నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతు కూడా మోసం చేస్తుంది. ఇద్దరూ చేతులు పెనవేసుకుని, బరువైన మనిషి ఎగువన ఉండేట్టు, ఒకరు కదిలేటప్పుడు ఇంకొకరు నిలబడి దాటాలి. ఛాతీ దాకా వచ్చే వేడర్లు, అంటే నీళ్లు చొరని ప్యాంట్లు, వేసుకుంటే నడుముకు బెల్టు బిగించుకోవాల్సిందే. అది లేకపోతే పడ్డప్పుడు లోపలికి నీళ్లు చేరి పైకి లేవడం కష్టమవుతుంది.

ముగ్గురు నలుగురు వెళ్తే ఒకే రాడ్ కుదరదు. జంటలుగా విడిపోయి, ఒక జంటకు ఒక మడుగు అని పంచుకుంటూ ఎగువకు వెళ్లాలి. ముందున్న జంటను దాటాల్సి వస్తే గట్టు మీదుగా దూరంగా నడిచి, వాళ్లకు తగినంత నీరు వదిలి దిగాలి. పక్కవాడి ఎదుట నీళ్లలోకి దిగడం కంటే పెద్ద మర్యాద తక్కువ పని ఈ ఆటలో లేదు.

వంతుల నియమాలు మాత్రం బండి దిగే ముందే తేల్చుకోండి. సాయంత్రం పురుగులు లేచి, మడుగంతా చేపలు ఎగురుతున్నప్పుడు ఎవరి బుద్ధీ న్యాయంగా పనిచేయదు. మేము పాటించేది ఇది. చేప ఫ్లైని నోట పట్టిందంటే, ఒడ్డుకు వచ్చినా తప్పించుకున్నా, ఆ వంతు అయిపోయినట్టే. ఏమీ పడకుండా పావుగంట గడిచినా రాడ్ చేతులు మారాలి. ఫ్లై చెట్టుకొమ్మకు చిక్కుకుంటే వంతు పోదు. కానీ తెచ్చుకోవాల్సింది విసిరినవాడే, ఆలోగా మడుగులో చేప ఎగిరితే రెండోవాడు ఆగక్కర్లేదు.

సెలవు. నమస్కారం.