చింతపిక్కల లెక్క

(ఒక అంగన్‌వాడీ కేంద్రంలో తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడినది)

అందరికీ నమస్కారం. ఇందాక ఒకమ్మ నన్ను పక్కకి పిలిచి అడిగింది: "ఏడాదయిందండీ, మా వాడు ఇంకా అ ఆలు దిద్దట్లేదు. పొద్దస్తమానం ఆటలేనా?" నేను రాసుకొచ్చింది పక్కన పెట్టి ఆ మాటకే జవాబు చెప్తాను.

మీ ఇంట్లో నాలుగేళ్ల పిల్లని అంకెలు చెప్పమనండి. ఇరవై దాకా గడగడా అప్పజెబుతుంది, మనం మురిసిపోతాం. ఇప్పుడు ఆరు చింతపిక్కలు ముందు పోసి ఎన్నున్నాయో అడగండి. వేలు ఒక పిక్క మీద రెండుసార్లు పడుతుంది, ఇంకోదాన్ని దాటేస్తుంది. చివరికి "ఎనిమిది" అంటుంది. నోటికి వచ్చింది పాట. లెక్క ఇంకా రాలేదు.

అదే పిల్లని వామనగుంటల పీట ముందు కూర్చోబెట్టండి. వరసకి ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. అసలు ఆట ఆ వయసుకి బరువే. గుంటకో పిక్క పంచుకుంటూ పోతే చాలు. ఒకదాంట్లో రెండు వేసిందో, ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ ఊరుకోదు. (తను మాత్రం తొండి చేస్తుంది, అది వేరే సంగతి.) ఒక్కో అంకెకి ఒక్కో వస్తువన్న సంగతి అలా చేతికే తెలుస్తుంది. కొన్నాళ్లకి గుంటలో పిక్కలు తీయకముందే కళ్లతో కొలిచి, "ఇక్కణ్ణించి వేస్తే అదిగో, అక్కడికి అయిపోతాయి" అంటుంది. పలక ముట్టకుండానే కూడిక మొదలైంది.

ఇంకా ముక్కులో, నోట్లో పెట్టుకునే పిల్లలకి మాత్రం పిక్కలొద్దు. పెద్ద డబ్బా మూతలివ్వండి.

ఇక రాత. మూడేళ్లప్పటికి మణికట్టు ఎముకలు పూర్తిగా గట్టిపడవు. నేను టీచరుగా చేరిన కొత్తలో అలాంటి చేతులు పట్టుకుని దిద్దించినదాన్నే. పిల్లలు ఏడుస్తుంటే మొండితనం అనుకున్నాను. చపాతీ పిండి ముద్దిచ్చి పాముని చేయమనండి, బఠాణీలు ఒలిపించండి. రేపు బలపం పట్టాల్సింది ఆ వేళ్లే.

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్, అంటే ఈ అంగన్‌వాడీలని నడిపే పథకం, మొదలైనప్పుడే దాని ఆరు సేవల్లో బడికి ముందు చదువు ఒకటి. మనకి గుడ్డు గుర్తుంది, ఇది గుర్తులేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశ చేసి, ఆటపాటలతోనే నేర్పమంది.

వచ్చే శనివారం అమ్మమ్మల్నీ నానమ్మల్నీ వెంటబెట్టుకు రండి. పీట నేను తెస్తాను. పిక్కలు మీరు కడిగి ఎండబెట్టి తెండి.